పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌తో వినియోగించడం: పరిశోధనా స్థానాలు పాటించవలసిన క్రమం

సేద్య పరిశోధనలో ఏ పంటకాలమైనా ఒక్కసారే వస్తుంది. 2009 ఖరీఫ్‌లో నైరుతి రుతుపవనాలు దేశవ్యాప్తంగా విఫలమై, వర్షపాతం సాధారణం కంటే ఐదో వంతుకు పైగా తగ్గింది. ఆ బెట్టను ఏ రకం ఏ మడిలో ఎంతవరకు తట్టుకుందో తెలిపే అంకెలను మరో ఏడాది అదే ప్రయోగం పెట్టి తిరిగి రాబట్టడం సాధ్యం కాదు. నేల మారకపోయినా ఆ వాన, ఆ ఎండ మళ్లీ అదే వరుసలో రావు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగానికి గానీ, మన దేశంలో 1970లో ఆరంభమైన అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలకు గానీ ఉన్న విలువ అంతా ఏటేటా తెగిపోకుండా భద్రపరచిన లెక్కల్లోనే ఉంది.

సిద్ధాంత గ్రంథాల్లోను, వార్షిక నివేదికల్లోను సాధారణంగా అచ్చయ్యేవి చికిత్సల సగటు విలువలు, ప్రామాణిక దోషం, క్రిటికల్ డిఫరెన్స్ మాత్రమే. పునరావృత్తుల వారీగా, మడి వారీగా ఉన్న మూల దత్తాంశాలు క్షేత్ర పుస్తకంలో, ఆ తర్వాత ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండిపోతాయి. అనేక సంవత్సరాల ఫలితాలను కలిపి విశ్లేషించాలన్నా, కొత్త గణాంక పద్ధతిలో మళ్లీ పరిశీలించాలన్నా కావలసినవి ఈ మూల అంకెలే.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా వ్యవస్థ వంటి అర్హతలు అవసరం కావడంతో, బాగానే పనిచేస్తున్న అనేక కంప్యూటర్లు కూడా పక్కకు తప్పుకోవలసి వస్తున్నది. కొత్త యంత్రం బల్లమీదికి, పాతది స్టోర్ గదికి, అక్కడినుంచి నిరుపయోగ సామగ్రి జాబితాలోకి, చివరకు వేలానికి చేరుతుంది. లోపలి హార్డ్ డిస్క్ కూడా దానితోనే వెళ్లిపోతుంది.

పాత హార్డ్ డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌తో వాడుకోవడమంటే నిజానికి రెండు పనులు. మొదటిది అందులోని దత్తాంశాలను కాపాడటం. రెండోది ఆ పరికరాన్ని నిల్వకు వినియోగించడం. మొదటి పని పూర్తయి, సరిచూసుకున్న తర్వాతే రెండో పనికి పూనుకోవాలి. ఈ క్రమం తారుమారైతే కలిగే నష్టాన్ని చాలా సందర్భాల్లో పూడ్చుకోలేము.

పాత కంప్యూటర్ నడుస్తుండగానే చేయవలసినవి

పాత కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటున్నట్లయితే డిస్క్‌ను బయటకు తీయడానికి తొందరపడకూడదు. కొన్ని పనులు అందులో ఉన్నప్పుడే సులభం.

మొదట, డిస్క్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉన్నదేమో చూడాలి. ఉన్నట్లయితే డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు కలిపినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా లోపలి సమాచారం చదవడానికి వీలుండదు. కాబట్టి రక్షణను ముందుగానే తొలగించడం గానీ, కీని కాగితంపై రాసి భద్రపరచడం గానీ చేయాలి.

రెండోది, పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ఫైళ్లను గుర్తించడం. పేజ్‌మేకర్‌లో రూపొందించిన కరపత్రాలు, పాత గణాంక ప్యాకేజీల ఫైళ్లు, ఈమెయిల్ నిల్వలు ఈ కోవకు చెందుతాయి. కరపత్రాలను పీడీఎఫ్‌గాను, దత్తాంశాలను సాదా టెక్స్ట్ లేదా సీఎస్‌వీ రూపంలోను అక్కడే ఎగుమతి చేసి ఉంచితే తర్వాతి శ్రమ చాలావరకు తగ్గుతుంది.

మూడోది, కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయడం. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం వల్ల మామూలు షట్‌డౌన్‌లో వ్యవస్థ కొంత భాగం నిద్రావస్థలో మిగిలిపోతుంది. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి షట్‌డౌన్ ఎంచుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

డిస్క్ కూడా కార్యాలయ ఆస్తే. దానిని తీసిన తేదీ, క్రమ సంఖ్య, ఎక్కడ ఉంచినదీ స్టాక్ రిజిస్టర్‌లో నమోదు చేసి, సంబంధిత అధికారి అనుమతి పొందాలి.

డిస్క్ రకం, అనుసంధానం

పరిశోధనా స్థానాల్లోని పాత కంప్యూటర్లలో ప్రధానంగా రెండు రకాల డిస్కులు కనిపిస్తాయి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, 40 పిన్నుల సాకెట్ ఉన్నవి ఐడీఈ రకం. వీటినే పాటా అని కూడా అంటారు. సన్నని కేబుల్‌తో, ఎల్ ఆకారపు సాకెట్ ఉన్నవి శాటా రకం. శాటాలో సమాచారానికి 7, విద్యుత్తుకు 15 స్పర్శబిందువులు ఉంటాయి. 2003లో వెలువడిన శాటా ప్రమాణం కొద్ది ఏళ్లలోనే ఐడీఈ స్థానాన్ని ఆక్రమించింది.

శాటా డిస్క్‌ను కొత్త డెస్క్‌టాప్‌లో నేరుగా అమర్చవచ్చు. మదర్‌బోర్డుపై ఖాళీ శాటా సాకెట్, విద్యుత్ సరఫరా పెట్టె నుంచి ఖాళీ శాటా తీగ ఉంటే చాలు. పాత శాటా డిస్క్ కొత్త శాటా సాకెట్‌లో తన వేగానికి తగ్గట్టు పనిచేస్తుంది. ఐడీఈ డిస్కులకు నేటి మదర్‌బోర్డులపై సాకెట్ ఉండదు. వాటికి యూఎస్‌బీ అడాప్టర్ అవసరం. ఐడీఈ, శాటా రెండింటికీ పనికివచ్చే అడాప్టర్లు మార్కెట్‌లో లభిస్తాయి. ఐడీఈ డిస్క్ వెనుకనున్న జంపర్‌ను అడాప్టర్‌తో వచ్చిన సూచనల ప్రకారం అమర్చాలి. సాధారణంగా అది మాస్టర్ స్థానంలో ఉండాలి.

విద్యుత్ అవసరం విషయంలో పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి. ల్యాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల డిస్క్‌కు 5 వోల్టులు చాలు. దానిని యూఎస్‌బీ ద్వారానే నడపవచ్చు. డెస్క్‌టాప్‌లలోని 3.5 అంగుళాల డిస్క్‌కు 5 వోల్టులతోపాటు 12 వోల్టులు కూడా కావాలి. కాబట్టి విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న పరికరాన్నే కొనాలి. డిస్క్ కనబడుతూ మాయమవుతూ ఉంటే, అది చెడిపోయిందని నిర్ణయించే ముందు విద్యుత్ సరఫరాను, కేబుల్‌ను మార్చి చూడాలి.

కంప్యూటర్ లోపల అమర్చేటప్పుడు కరెంటు ప్లగ్‌ను తీసివేసి, క్యాబినెట్ లోహభాగాన్ని తాకి శరీరంలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోవాలి. తేమగల స్టోర్ గది నుంచి తెచ్చిన డిస్క్‌ను కొన్ని గంటలు గది ఉష్ణోగ్రత వద్ద ఉంచిన తర్వాతే విద్యుత్తు ఇవ్వాలి. డిస్క్ పైమూతను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. లోపల తిరిగే పళ్లేలకు, వాటిపై కదిలే చదువు తలకు మధ్య ఎడం మిల్లీమీటరులో లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. ఒక్క ధూళి కణం చొరబడినా పళ్లెం గీసుకుపోవచ్చు.

మొదటిసారి కలిపినప్పుడు

పాత డిస్క్‌ను కొత్త కంప్యూటర్‌లో అదనపు డిస్క్‌గానే వాడాలి. దానిలోని పాత విండోస్‌తో కొత్త యంత్రాన్ని నడపడానికి ప్రయత్నించకూడదు. పాత విండోస్‌కు కొత్త మదర్‌బోర్డు డ్రైవర్లు ఉండవు. పాత బయోస్ పద్ధతిలో స్థాపించిన వ్యవస్థ నేటి యూఈఎఫ్‌ఐ యంత్రంలో తెరుచుకోకపోవచ్చు. కంప్యూటర్‌తోపాటు వచ్చిన లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. అన్నిటికంటే ముఖ్యంగా, అలా నడిపినంతసేపూ డిస్క్‌పై కొత్త రాతలు పడుతూనే ఉంటాయి.

కలిపిన వెంటనే కొత్త కంప్యూటర్ కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా, ఇనీషియలైజ్ చేయాలా, దోషాలు సరిచేయాలా అన్న ప్రశ్నలన్నింటికీ ఈ దశలో సమాధానం ‘వద్దు’ అనే ఉండాలి. దెబ్బతిన్న డిస్క్‌పై చెక్‌డిస్క్ నడపడం కూడా ప్రమాదమే. అది ఫైల్ వ్యవస్థను సరిచేసే క్రమంలో మిగిలిన ఆధారాలను తుడిచివేయవచ్చు.

ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదన్న సందేశం రావడం సహజం. పాత కంప్యూటర్‌లోని వినియోగదారు ఖాతాను కొత్త విండోస్ గుర్తించకపోవడమే ఇందుకు కారణం. నిర్వాహకుడి ఖాతాతో ఆ అనుమతిని పొందవచ్చు. అయితే ఇందుకోసం డిస్క్‌పై అనుమతుల పట్టిక మారుతుంది. దానిని మార్చకుండా చదవాలంటే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్‌లో డిస్క్‌ను ‘చదవడానికి మాత్రమే’ అన్న పద్ధతిలో తెరవడం మేలు.

ఫైళ్లు వెతకవలసిన చోటు కూడా విండోస్ తరాన్ని బట్టి మారుతుంది. ఎక్స్‌పీలో వినియోగదారు ఫైళ్లు ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అనే ఫోల్డర్‌లోను, విస్టా నుంచి ‘యూజర్స్’ అనే ఫోల్డర్‌లోను ఉంటాయి. డెస్క్‌టాప్‌పై పెట్టిన ఫైళ్లు కూడా వీటి లోపలే ఉంటాయి. చాలామంది డి-డ్రైవ్‌ను నకలు చేసి సరిపెట్టుకుంటారు. ఏళ్లతరబడి డెస్క్‌టాప్‌పైనే భద్రపరచిన ఫైళ్లు దానివల్ల మిగిలిపోతాయి.

పెన్‌డ్రైవ్‌ల ద్వారా వ్యాపించే వైరస్‌లు ఒకప్పుడు కార్యాలయాల్లో సర్వసాధారణం. 2008లో వెలుగుచూసిన కాన్‌ఫికర్ ఇందుకు ఉదాహరణ. కాబట్టి యాంటీవైరస్ పరీక్ష తప్పనిసరి. కాని అనుమానిత ఫైళ్లను పాత డిస్క్‌పై తొలగించకుండా, నకలుపైనే ఆ చర్య తీసుకోవాలి.

డిస్క్ ఆరోగ్య పరీక్ష

హార్డ్ డిస్కులు తమ స్థితిని తామే నమోదు చేసుకునే వ్యవస్థను స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, స్మార్ట్‌మాన్‌టూల్స్ వంటి ఉచిత సాధనాలతో దీనిని చూడవచ్చు. ముఖ్యంగా పరిశీలించవలసిన అంశాలు ఇవి.

1. రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్: చెడిపోయిన చోట్లకు బదులుగా డిస్క్ వాడుకున్న అదనపు స్థలాల సంఖ్య. ఇది సున్నా కావడం మంచిది. పెరుగుతూ ఉంటే డిస్క్ చివరి దశలో ఉన్నట్లు భావించాలి.

2. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్: ప్రస్తుతం చదవడానికి కష్టమవుతున్న భాగాల సంఖ్య. సున్నా కాకపోతే వెంటనే నకలు తీయాలి.

3. సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్: ఇది తరచుగా కేబుల్ లోపాన్ని సూచిస్తుంది. కేబుల్ మార్చిన తర్వాత ఈ సంఖ్య పెరగడం ఆగితే డిస్క్‌ను శంకించనవసరం లేదు.

4. పవర్ ఆన్ అవర్స్: డిస్క్ నడిచిన మొత్తం గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు నడిచిన కంప్యూటర్ పదేళ్లలో 20,000 గంటలు పూర్తి చేస్తుంది. రాత్రింబవళ్లు నడిచినదైతే అదే కాలంలో 87,600 గంటలు దాటుతుంది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ముడి విలువలను మామూలుగా షోడశాంశ పద్ధతిలో చూపుతుంది. వాటిని దశాంశ పద్ధతికి మార్చుకుని చదవాలి. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు స్మార్ట్ సమాచారాన్ని అందించవు. అప్పుడు డిస్క్‌ను నేరుగా శాటా సాకెట్‌కు కలిపి చూడాలి. అంకెలన్నీ బాగున్నా డిస్క్ హఠాత్తుగా ఆగిపోవచ్చు. కాబట్టి మంచి ఫలితాన్ని హామీగా తీసుకోకూడదు.

డిస్క్ నుంచి టక్‌టక్‌మనే శబ్దం క్రమం తప్పకుండా వస్తుంటే వెంటనే విద్యుత్తు ఆపివేయాలి. మళ్లీమళ్లీ ప్రయత్నించిన కొద్దీ నష్టం పెరుగుతుంది. ఆ దత్తాంశాలు నిజంగా అమూల్యమైనవైతే నిపుణుల ప్రయోగశాలకు పంపడమే మార్గం. డిస్క్‌ను ఫ్రిజ్‌లో ఉంచడం వంటి చిట్కాలతో లోపల తేమ చేరి, మిగిలిన అవకాశం కూడా పోతుంది.

నకలు తీయడం, సరిచూడటం

ఆరోగ్యంగా ఉన్న డిస్క్ నుంచి ఫైళ్లను నేరుగా కాపీ చేయవచ్చు. విండోస్‌లోని రోబోకాపీ ఆదేశం తేదీలను నిలుపుతూ, విఫలమైన ఫైళ్ల జాబితాను నమోదు చేస్తుంది. చెడు భాగాలున్న డిస్క్‌కు మాత్రం జీఎన్‌యూ డీడీరెస్క్యూ వంటి సాధనంతో మొత్తం డిస్క్ ప్రతిరూపాన్ని తీయాలి. ఇది మొదట సులభంగా చదవగలిగిన భాగాలను సేకరించి, కష్టమైన వాటికి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడివరకు వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా పనిని కొనసాగించవచ్చు.

పట్టే కాలాన్ని ముందుగా అంచనా వేసుకోవాలి. సెకనుకు 30 మెగాబైట్ల వేగంతో యూఎస్‌బీ 2.0 ద్వారా 320 గిగాబైట్లను తరలించడానికి సుమారు 3 గంటలు పడుతుంది. సెకనుకు 80 మెగాబైట్ల వేగం వస్తే 70 నిమిషాల్లోపు పూర్తవుతుంది. కరెంటు కోతలున్న చోట యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. 320 గిగాబైట్ల డిస్క్‌ను విండోస్ 298 గిగాబైట్లుగా చూపుతుంది. ఇది లెక్కించే పద్ధతిలోని తేడాయే గాని లోపం కాదు.

కాపీ పూర్తయిందన్న సందేశంతో పని ముగిసినట్లు కాదు. ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం రెండు చోట్లా సరిపోవాలి. ముఖ్యమైన ఫైళ్లకు ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూత సంఖ్యను రెండు ప్రతులలోనూ లెక్కించి పోల్చాలి. పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం ఈ పని చేస్తుంది. ఆ తర్వాత మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ప్రాంగణంలో అన్న నియమం ప్రకారం వాటిని భద్రపరచాలి.

తెరుచుకున్న ఫైలుకు అర్థం ఉండాలి

ఫైలు చేతికి వచ్చినంత మాత్రాన దత్తాంశం చేతికి వచ్చినట్లు కాదు. పాత డాస్ గణాంక ప్యాకేజీలు 64 బిట్ విండోస్‌లో నడవవు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, ఒకప్పుడు సేద్య విభాగాల్లో విరివిగా వాడిన ఎంస్టాట్-సి ఇటువంటిదే. డాస్‌బాక్స్ అనే ఉచిత సాధనంలో వీటిని నడిపి అంకెలను టెక్స్ట్ రూపంలోకి తీయవచ్చు. డీబేస్, లోటస్ 1-2-3 ఫైళ్లను లిబ్రే ఆఫీస్ తెరవగలదు.

వర్షపాత పట్టికల్లోని తేదీల పట్ల ప్రత్యేక శ్రద్ధ అవసరం. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన టెక్స్ట్ ఫైలును ఎక్సెల్‌లోకి తెచ్చినప్పుడు 00 నుంచి 29 వరకు ఉన్నవాటిని 2000 నుంచి 2029 వరకు సంవత్సరాలుగా అది భావిస్తుంది. 1925 నాటి వర్షపాతం 2025 నాటిదైపోతుంది. పాత ఎక్సెల్ ఫైలులో పట్టే వరుసలు 65,536 మాత్రమే. స్వయంచాలిత వాతావరణ కేంద్రం గంటకొకసారి నమోదు చేసే వివరాలు ఏడున్నర ఏళ్లలోపే ఈ పరిమితిని చేరుకుంటాయి. సరిగ్గా 65,536వ వరుసలో ముగిసిన ఫైలు కనబడితే, తరువాతి భాగం తెగిపోయిందని అనుమానించి మూలం కోసం వెతకాలి.

తెలుగు ఫైళ్లది మరో సమస్య. యూనికోడ్ వాడుక విస్తరించక ముందు కరపత్రాలు, రైతు శిక్షణ పాఠాలు ఎక్కువగా అను వంటి ఫాంట్లలో టైపు చేసేవారు. ఆ ఫాంట్ లేని కొత్త కంప్యూటర్‌లో అవి అర్థంలేని రోమన్ అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని పొరబడి తొలగించకూడదు. పాత డిస్క్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా నకలు చేసి ఉంచుకుని, లైసెన్సు పరిధిలో వాడుతూ, పాఠాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్పిడిలో ఒత్తులు, అంకెలు తప్పుగా రావచ్చు. మందు మోతాదులు ఉన్న పాఠాన్ని అచ్చు ప్రతితో పోల్చకుండా మళ్లీ వాడకూడదు.

ప్రతి ప్రయోగం ఫోల్డర్‌లో వివరాల పత్రం ఒకటి ఉండాలి. ప్రయోగం పేరు, పంటకాలం, రూపకల్పన, చికిత్సల సంకేతాలు, నికర మడి విస్తీర్ణం, ప్రమాణాలు, క్షేత్ర పుస్తకం సంఖ్య అందులో రాయాలి. పట్టికలో 3.2 అని మాత్రమే ఉంటే దానివల్ల ప్రయోజనం లేదు. అది 4.8 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు ఉన్న నికర మడి నుంచి వచ్చిన కిలోలని తెలిస్తేనే హెక్టారుకు 1,852 కిలోల దిగుబడి అవుతుంది. ఈ వివరం తెలిసిన శాస్త్రవేత్త పదవీ విరమణ చేయకముందే, విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లకముందే దీనిని రాయించడం అవసరం.

డిస్క్‌కు రెండో వినియోగం

పై దశలన్నీ పూర్తయ్యాక, స్మార్ట్ అంకెలు బాగున్న డిస్క్‌ను తిరిగి వాడుకోవచ్చు. 2.5 అంగుళాల డిస్క్‌ను చవకగా దొరికే యూఎస్‌బీ పెట్టెలో అమర్చి, మరో భవనంలో ఉంచే అదనపు ప్రతికి వినియోగించవచ్చు. ఛాయాచిత్రాలు, శిక్షణ వీడియోల తాత్కాలిక నిల్వకు కూడా ఇది పనికివస్తుంది. ఫ్యాట్32లో 4 గిగాబైట్లకు మించిన ఫైలు పట్టదు కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. మరెక్కడా లేని ఏకైక ప్రతిని మాత్రం పాత డిస్క్‌పై ఉంచకూడదు. వినియోగంలో ఉన్నంతకాలం ఆరు నెలలకొకసారి స్మార్ట్ పరీక్ష జరపాలి.

ఐడీఈ డిస్కులు, తక్కువ నిల్వ గలవి, చెడు భాగాలున్నవి తిరిగి వాడటం వల్ల లాభం లేదు. వాటిని తుడిచి వదిలివేయడమే మంచిది.

తుడిచివేత, అప్పగింత

పాత డిస్కుల్లో రైతుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరాలు, భూసార పరీక్ష జాబితాలు ఉంటాయి. వాటిని విశ్వసించి ఇచ్చిన రైతు పట్ల సంస్థకు బాధ్యత ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం 2023 ఈ బాధ్యతకు చట్టరూపం ఇచ్చింది. ఫైళ్లను తొలగించడం, క్విక్ ఫార్మాట్ చేయడం వల్ల సమాచారం పోదు, దాని చిరునామా మాత్రమే పోతుంది. డిస్క్‌పార్ట్‌లోని ‘క్లీన్ ఆల్’ ఆదేశం డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఎంచుకున్న డిస్క్ సంఖ్య సరైనదేనా అని రెండుసార్లు చూసుకున్నాకే దీనిని నడపాలి. ఎస్‌ఎస్‌డీలకు తయారీదారు అందించే సెక్యూర్ ఎరేజ్ పద్ధతిని వాడాలి. పనిచేయని డిస్క్‌ను పళ్లేలు పగిలేలా లేదా రంధ్రాలు పడేలా ధ్వంసం చేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమావళిని అనుసరించి, పాత పరికరాలను నమోదిత పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి.

ముగింపు

ఒక శాటా డిస్క్‌ను తీసి, పరీక్షించి, నకలు తీసి, సరిచూడటానికి ఒకటి రెండు పనిదినాలు పడుతుంది. అందులో ఉన్నవి పదిహేను ఖరీఫ్‌ల, పదిహేను రబీల శ్రమ కావచ్చు. కంప్యూటర్లను నిరుపయోగ జాబితాలో చేర్చే ముందు ‘డిస్క్‌లోని దత్తాంశాలు నకలు తీసి సరిచూడటమైనది’ అన్న ధ్రువీకరణను తప్పనిసరి చేస్తే, ఆ శ్రమ వేలం పాటలో పోకుండా ఉంటుంది. విత్తనాన్ని నిల్వ చేసే ముందు తేమ శాతం చూసి, మొలక శాతం పరీక్షించి, చీటీ కట్టే అలవాటు పరిశోధనా స్థానాలకు కొత్త కాదు. దత్తాంశాల విషయంలోనూ అదే క్రమశిక్షణ అవసరం.